వృద్ధుల ఆరోగ్యం: సేవలు ఇంటి గడప దాకా చేరాలి

స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు. నేడు అది 70 ఏళ్లకు చేరువైంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్లు నిండినవారు 10 కోట్ల 38 లక్షల మంది. జాతీయ జనాభా సంఘం నియమించిన సాంకేతిక బృందం అంచనాల మేరకు 2036 నాటికి ఈ సంఖ్య 22 కోట్ల 70 లక్షలకు, అంటే జనాభాలో దాదాపు 15 శాతానికి చేరుతుంది. దక్షిణాది రాష్ట్రాల్లో ఈ మార్పు మరింత వేగంగా సాగుతోంది. పెరిగిన ఆయుష్షును ఆరోగ్యంతో, గౌరవంతో గడిపే వీలు పెద్దలకు కల్పించడమే ఇప్పుడు ప్రభుత్వాల ముందున్న బాధ్యత.

ఈ దిశగా ఇటీవల పడిన పెద్ద అడుగు ఆయుష్మాన్ భారత్ విస్తరణ. 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ పథకాన్ని వర్తింపజేస్తూ 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ వయ వందన కార్డుల పంపిణీ మొదలైంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స ఉచితం. సుమారు నాలుగున్నర కోట్ల కుటుంబాల్లోని 6 కోట్ల మంది పెద్దలకు దీనివల్ల మేలు కలుగుతుందని కేంద్ర ప్రభుత్వం అంచనా వేసింది. గుండెకు శస్త్రచికిత్స అవసరమైనా, తుంటి ఎముక విరిగినా పిల్లల ముందు చేయి చాచవలసిన స్థితి ఈ కార్డు వల్ల చాలావరకు తప్పుతుంది.

అయితే ఈ కార్డు ఉపయోగపడేది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పుడే. వృద్ధాప్యంలో అనారోగ్యం నిత్య జీవితంలో భాగం. రక్తపోటు, మధుమేహం, కీళ్లనొప్పులు, చూపు మందగించడం, వినికిడి తగ్గడం వంటివి ఏళ్ల తరబడి వెంటాడుతాయి. 2017-18లో జరిపి 2021లో విడుదల చేసిన జాతీయ అధ్యయనం, 60 ఏళ్లు దాటినవారిలో 75 శాతం మందికి ఏదో ఒక దీర్ఘకాలిక వ్యాధి ఉందని తేల్చింది. వీరికి కావలసింది ప్రతి నెలా క్రమం తప్పని పరీక్షలు, మందులు, పలకరించి చూసే మనిషి. నెలకు కొన్ని వందల రూపాయల మాత్రలు మానేయడం వల్లనే పక్షవాతం వచ్చి లక్షల రూపాయల వైద్యం అవసరమయ్యే సందర్భాలున్నాయి.

ఈ అవసరాన్ని గుర్తించే 2010-11లో వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం ప్రారంభమైంది. జిల్లా ఆసుపత్రిలో పది పడకల ప్రత్యేక వార్డు, సామాజిక ఆరోగ్య కేంద్రంలో వారానికి రెండు రోజులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక రోజు వృద్ధులకు ప్రత్యేక వైద్య సేవలు, మంచం పట్టినవారికి ఇంటివద్దనే పరిచర్య ఇందులో భాగం. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో అందించవలసిన 12 రకాల సేవల్లోనూ వృద్ధుల సంరక్షణ, ఉపశమన చికిత్స ఉన్నాయి. ఏర్పాటులో లోపం లేదు. కానీ 2011 లెక్కల ప్రకారం వృద్ధుల్లో 71 శాతం మంది గ్రామాల్లోనే ఉన్నారు. మోకాళ్లు సహకరించని మనిషికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని ఆరోగ్య కేంద్రం కూడా అందని చోటే. తోడు వచ్చేవారు, ఆటో కిరాయి రెండూ కుదిరితే తప్ప వెళ్లలేరు. పిల్లలు ఉపాధికోసం నగరాలకో, విదేశాలకో వెళ్లిన ఇళ్లలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

ఆర్థిక భద్రత విషయంలోనూ రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య అంతరం కనిపిస్తుంది. ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను కింద కేంద్రం ఇచ్చే వాటా 79 ఏళ్ల వరకు నెలకు 200 రూపాయలు, 80 ఏళ్లు దాటితే 500 రూపాయలు. మిగిలిన భారం రాష్ట్రాలదే. తెలంగాణలో 2019లో ఈ పింఛనును 2,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 4,000 రూపాయలకు పెంచారు. కేంద్ర వాటాకు పెద్దగా జోడించలేని రాష్ట్రాల్లో ఆ సొమ్ము నెలకు సరిపడా మందులకు కూడా చాలదు.

చట్టపరమైన రక్షణ ఉన్నా తెలిసినవారు తక్కువ. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద నిరాదరణకు గురైన పెద్దలు న్యాయవాది అవసరం లేకుండానే ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులకు వేరే వరుస ఉండాలని కూడా ఆ చట్టం చెబుతోంది. తొలుత హైదరాబాద్‌లో మొదలై, తరువాత దేశమంతటికీ విస్తరించిన 14567 ఎల్డర్ లైన్ ద్వారా ఉచితంగా సలహా, సహాయం పొందవచ్చు. కన్నబిడ్డలపై ఫిర్యాదు చేయడానికి మనసొప్పని తల్లిదండ్రులకు ఇలాంటి సలహా ఎంతో ఊరట.

ఇంటికే సేవలు చేర్చడంలో కేరళ అనుభవం గమనించదగినది. 2008లో ఉపశమన సంరక్షణ విధానాన్ని ప్రకటించిన ఆ రాష్ట్రంలో స్థానిక సంస్థలు ఈ బాధ్యతను తమదిగా స్వీకరించాయి. శిక్షణ పొందిన నర్సు, స్థానిక స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి మంచం పట్టినవారి ఇళ్లకు వెళ్లి పుండ్లు శుభ్రపరుస్తారు, మందులు ఇస్తారు, ఇంటివారికి పరిచర్య నేర్పుతారు. దీనికి కావలసింది పెద్ద భవనాలు కావు. ఊరిలో ఎవరు ఏ స్థితిలో ఉన్నారో తెలిసిన మనుషులు, వారికి నిలకడగా నిధులు.

తెలుగు రాష్ట్రాల్లో ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు ఇప్పటికే ఇంటింటికీ వెళుతున్నారు. గర్భిణుల, శిశువుల వివరాలు నమోదు చేసినంత శ్రద్ధగా ఒంటరి వృద్ధుల, మంచం పట్టినవారి జాబితాను ప్రతి గ్రామంలో సిద్ధం చేసి, నెలకు ఒకసారైనా చూసి రావడం సాధ్యమే. అయితే దానిని అదనపు చాకిరీగా వారి నెత్తిన రుద్దకుండా, తగిన శిక్షణ, పారితోషికం ఇవ్వాలి. కార్డుల పంపిణీతో పాటు, రక్తపోటు అదుపులో ఉన్న పెద్దలు ఎందరో లెక్కించడం కూడా మొదలుపెడితే ఈ పథకాల అసలు ఫలితం తెలుస్తుంది.