ఫైలు మనదే... తాళం ఎవరిది?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. అప్పటి నుంచి మన వైజాగ్‌లో చాలా ఇళ్లలో పాత కంప్యూటర్ అటకెక్కి, దాని హార్డ్‌డిస్క్ మాత్రం కొత్త కంప్యూటర్‌కి తగులుకుంటోంది. అసలు తలనొప్పి అక్కడే మొదలవుతుంది. ఫోల్డర్ కనిపిస్తుంది, క్లిక్ చేస్తే మాత్రం ‘మీకు పర్మిషన్ లేదు’ అంటుంది.

కూర్మన్నపాలెంలో ఉండే ఒక పెద్దాయన, స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైనవారు, ఇదే సమస్యతో ఫోన్ చేశారు. పోయిన భార్య ఫోటోలు, 2014లో హుద్‌హుద్ తర్వాత ఇంటి చుట్టూ తీసిన వీడియోలు అన్నీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయి. రిపేరు కుర్రాడెవరో ఫార్మాట్ తప్ప దారి లేదన్నాడట. “బాబూ, నా ఫోటోలే కదా, నన్నే ఎవరని అడుగుతాదేటి?” అన్నారు.

ఆయనకి అర్థమయ్యే భాషలోనే చెప్పాను. “ప్లాంట్ గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్లు మీ పేరు వింటే వదిలేస్తారా అండీ? పాస్ చూస్తారు. విండోస్ కూడా అంతే.” ప్రతి యూజర్‌కీ అది ఎస్-1-5-21తో మొదలయ్యే ఒక పొడవాటి నంబరు ఇస్తుంది. పాత కంప్యూటర్‌లో, కొత్త కంప్యూటర్‌లో మీ పేరు ఒకటే అయినా నంబర్లు వేరు. ఫైలు మీద రాసి ఉన్నది పాత నంబరు. అందుకే కొత్త కాపలాదారు మిమ్మల్ని ఆపేస్తాడు.

ఇక పరిష్కారం. డిస్క్ టకటకమని శబ్దం చేస్తుంటే ఆగండి, అది పర్మిషన్ సమస్య కాదు, డిస్క్ పాడవుతోంది. బాగానే ఉంటే ముందు ఆ మెసేజ్‌లోని ‘కంటిన్యూ’ నొక్కి చూడండి. చాలాసార్లు అక్కడితో అయిపోతుంది.

కాకపోతే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లండి. పైన ‘ఓనర్’ పక్కనున్న ‘చేంజ్’ నొక్కి మీ యూజర్ పేరు ఇవ్వండి. పేరు గుర్తులేకపోతే అక్కడి అడ్వాన్స్‌డ్‌లో ‘ఫైండ్ నౌ’ నొక్కితే జాబితా వస్తుంది. లోపలి ఫైళ్లకీ ఓనర్‌ని మార్చమనే గడిలో టిక్ పెట్టి, ఓకే అనండి. కిటికీలన్నీ మూసి, మళ్లీ అక్కడికే వచ్చి, ‘యాడ్’ ద్వారా మీ పేరుకి ‘ఫుల్ కంట్రోల్’ ఇవ్వండి. కింద, లోపలి ఫైళ్లన్నిటికీ ఇవే పర్మిషన్లు వర్తించాలనే గడిలోనూ టిక్ పెట్టండి. ఇదంతా అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌లో ఉండి చేయాలి.

రెండు పనులు మాత్రం చేయకండి. విసుగొచ్చి ‘ఎవ్రీవన్’కి ఫుల్ కంట్రోల్ ఇవ్వడం ఒకటి. అది ఇంటి తాళంచెవి వీధి గుమ్మానికి వేలాడదీసినట్టే. సీ డ్రైవ్‌లోని విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ల ఓనర్‌ని మార్చడం రెండోది. అవి సిస్టమ్‌వి, కెలికితే విండోసే కుంటుపడొచ్చు.

పెద్దాయన ఫోటోలు పావుగంటలో తెరుచుకున్నాయి. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక మంచి ప్రశ్న వేశారు: “మరి ఇంత సులువైతే, దొంగ కూడా తెరిచేస్తాడు కదా?”

నిజమే. పర్మిషన్ అనేది కాపలాదారు మాత్రమే, గోడ కాదు. ఆ కాపలాదారు పాత కంప్యూటర్‌లోని విండోస్. డిస్క్ విప్పి వేరే కంప్యూటర్‌కి పెడితే కాపలా మారిపోతుంది, అక్కడి అడ్మినిస్ట్రేటర్ మాటే చెల్లుతుంది. గోడ కావాలంటే ఎన్‌క్రిప్షన్ ఉండాలి. బిట్‌లాకర్ పెట్టిన డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే పాస్‌వర్డో, 48 అంకెల రికవరీ కీనో అడుగుతుంది. అక్కడ ఓనర్‌ని మార్చే ఉపాయం పనిచేయదు. కీ పోతే మీ ఫోటోలు మీకూ దక్కవు, కాబట్టి దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

పాత కంప్యూటర్ అమ్మేముందు లాగిన్ పాస్‌వర్డ్ ఉందిలే అని ధీమా పడకండి. ఫోటోలు రెండు చోట్ల కాపీ చేసుకుని, డిస్క్ పూర్తిగా తుడిచి ఇవ్వండి. లేదా డిస్క్ విప్పి ఇంట్లోనే ఉంచుకోండి.