ఒకే కీబోర్డు.. రెండు కంప్యూటర్లు!

ఇంట్లో డెస్క్‌టాప్ ఎప్పట్నుంచో ఉంది. 2020లో కరోనా పుణ్యమా అని ఆఫీసు ల్యాప్‌టాప్ కూడా చాలా ఇళ్లకు చేరింది. ఉన్నది మాత్రం ఒకటే బల్ల. రెండు మానిటర్లూ, రెండు కీబోర్డులూ పెడితే కాఫీ గ్లాసుకు కూడా చోటుండదు. పోనీ ఒక్క సెట్టుతో సరిపెట్టుకుందామంటే రోజుకు నాలుగుసార్లు బల్ల కిందకి దూరి వైర్లు పీకి గుచ్చాలి. ఈ అవస్థ తప్పించేదే కేవీఎం స్విచ్. కీబోర్డు, వీడియో, మౌస్... ఈ మూడింటి పొడి అక్షరాలే ఆ పేరు. బటన్ నొక్కితే చాలు, మూడూ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి మారిపోతాయి.

కొట్టుకి వెళ్లేముందు ఓసారి మీ మానిటర్ వెనక్కి తొంగిచూడండి. చాలావాటికి రెండు మూడు వీడియో పోర్టులుంటాయి. ఒకదానికి డెస్క్‌టాప్, మరోదానికి ల్యాప్‌టాప్ తగిలించి మానిటర్ బటన్‌తోనే బొమ్మ మార్చుకోవచ్చు. ఇక కావాల్సింది కీబోర్డు, మౌస్‌లను పంచే యూఎస్‌బీ స్విచ్ ఒక్కటే. కేవీఎం కంటే చాలా చౌక. రోజుకు ఒకట్రెండుసార్లే మార్చేవారికి ఇదే మేలని నా అభిప్రాయం.

మాటిమాటికీ మార్చేవారికి కేవీఎమ్మే సుఖం. కానీ అసలు మెలిక అంతా బొమ్మ దగ్గరే ఉంది. డబ్బా మీద '4కె' అని పెద్దక్షరాలతో ఉంటుంది. పక్కనే చిన్నక్షరాల్లో ఉండే హెర్ట్జ్ అంకె చూడండి. 30 అని ఉంటే 4కె తెర మీద మౌస్ బాణం ఆగి ఆగి కదిలినట్టుంటుంది. రోజంతా పనిచేస్తే కళ్లకు చికాకే. హెచ్‌డీఎంఐ 1.4 రకం స్విచ్‌లు 4కెలో 30 దగ్గరే ఆగిపోతాయి. 60 కావాలంటే 2.0 రకం తీసుకోవాలి. మీది మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటరైతే మాత్రం 1.4 చాలు, దుకాణదారు ఎంత చెప్పినా ఎక్కువ పెట్టనక్కర్లేదు. ల్యాప్‌టాప్‌కి టైప్-సి పోర్టే ఉంటే అందులోంచి వీడియో వస్తుందో లేదో ముందే కనుక్కోండి. అన్ని టైప్-సి పోర్టుల్లోంచీ రాదు.

అడగాల్సిన మరో మాట 'ఈడీఐడీ ఎమ్యులేషన్'. మానిటర్ తన వివరాలను కంప్యూటర్‌కి ఎప్పటికప్పుడు చెబుతుంటుంది. చౌకరకం స్విచ్‌ని అటు తిప్పగానే ఇటువైపు కంప్యూటర్, మానిటర్‌ని ఎవరో పీకేశారనుకుంటుంది. తెరిచి ఉంచిన విండోలన్నిటినీ ల్యాప్‌టాప్ తన చిన్న తెర మీదకి లాగేసుకుంటుంది. మళ్లీ వచ్చేసరికి అన్నీ చెల్లాచెదురు! ఈ సదుపాయం ఉన్న స్విచ్ అయితే మానిటర్ ఇంకా ఉందన్నట్టే కంప్యూటర్‌ని నమ్మిస్తుంది.

కొన్నిటిలో స్క్రోల్‌లాక్ మీటను రెండుసార్లు నొక్కినా కంప్యూటర్ మారుతుంది. ఆ మీట లేని కీబోర్డులు బోలెడు. వైర్‌లెస్ కీబోర్డులతో ఇది ఒక్కోసారి పనిచేయదు కూడా. బల్ల మీద పెట్టుకునే వైరు బటన్ ఉన్నది చూసుకోవడం తెలివైన పని.

స్విచ్‌కే పెన్‌డ్రైవ్, వెబ్‌క్యామ్ తగిలించే పోర్టులూ కొన్నిటికి ఉంటాయి. సౌకర్యమే కానీ, ఫైళ్లు కాపీ అవుతుండగా బటన్ నొక్కితే పెన్‌డ్రైవ్‌ని మధ్యలో పీకేసినట్టే. ఫైళ్లు పాడైపోవచ్చు. మీటింగ్‌లో ఉండగా నొక్కితే మీ ముఖం తెరమీంచి మాయం! మారాక ఇప్పుడు ఏ కంప్యూటర్‌లో ఉన్నామో చూసుకుని టైపు చేయండి. ఇంటి బ్యాంకు పాస్‌వర్డ్ ఆఫీసు ఛాట్‌లో పడిందంటే తలనొప్పే.

ఎవరి మానిటర్ వారికుండి, కీబోర్డు మాత్రం ఒకటే చాలనుకుంటే 'మౌస్ వితౌట్ బోర్డర్స్' లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఒకే నెట్‌వర్క్‌లోని నాలుగు విండోస్ కంప్యూటర్లను కలుపుతుంది. కాపీ చేసిన సమాచారాన్ని కూడా ఇటు నుంచి అటు మోసుకెళ్తుంది కాబట్టి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వేయాలంటే అక్కడి ఐటీ విభాగం అనుమతి తప్పనిసరి.

చివరగా కేబుళ్లు. రెండు కంప్యూటర్లకు రెండేసి చొప్పున నాలుగు కావాలి. కొన్ని కంపెనీలు అవి డబ్బాలో పెట్టవు. బిల్లు కట్టేముందే విప్పి చూపించమనండి.