కృత్రిమ పాదం విప్పించేది భద్రతా? పొదుపా?

విమానాశ్రయ తనిఖీ ద్వారం వద్ద వికలాంగ ప్రయాణికులకు జరుగుతున్న అవమానాన్ని మేము తీవ్రంగా ఖండిస్తున్నాము. ఇది సంపన్నుల ప్రయాణ సౌఖ్యానికి సంబంధించిన విషయమనీ, రైల్వే, తపాలా ఉద్యోగులకు దీనితో నిమిత్తం లేదనీ ఎవరైనా తలిస్తే అది పొరపాటు. యార్డులలో, పట్టాలపై కాళ్ళు కోల్పోయి కృత్రిమ పాదాలతో జీవిస్తున్న సోదరులు మన శ్రేణులలోనే ఉన్నారు. వైద్యం కోసమో, దూరాన ఉన్న బిడ్డలను చూడటానికో వారూ నేడు విమానమెక్కుతున్నారు.

కృత్రిమ పాదం విప్పడమంటే బూటు విప్పడం కాదు. దుస్తులు తొలగించాలి, పట్టీలు ఊడదీయాలి, పరాయివారి ముందు ఒంటికాలిపై నిలవాలి, తిరిగి అన్నీ బిగించుకోవాలి. 2021 అక్టోబరులో, ‘మయూరి’ చిత్రంతో తెలుగువారికి చిరపరిచితురాలైన నర్తకి సుధా చంద్రన్ ఈ బాధనే ప్రధానమంత్రికి బహిరంగంగా మొరపెట్టుకున్నారు. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం ఆమెకు క్షమాపణ చెప్పింది. మంచిదే. కాని పేరు ప్రఖ్యాతులు లేని గ్యాంగ్‌మన్‌కు క్షమాపణ చెప్పేదెవరు?

చట్టం లేక కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రవాణా సౌకర్యాలను అందుబాటులో ఉంచడం ప్రభుత్వ బాధ్యత అన్నది. బహిరంగ స్థలంలో వికలాంగుని ఉద్దేశపూర్వకంగా అవమానించడాన్ని శిక్షార్హమైన నేరంగా ప్రకటించింది. 2012లో జీజా ఘోష్‌ను కలకత్తాలో విమానం నుండి దింపివేసినందుకు 10 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కృత్రిమ అవయవాలు విప్పమని అడగరాదనీ, సమ్మతి లేకుండా వికలాంగుని ఎత్తి మోయరాదనీ 2021 డిసెంబరులో అదే న్యాయస్థానం అన్నది. ఏలినవారు ‘వికలాంగుల’ను ‘దివ్యాంగులు’గా పేరు మార్చారు, తీరు మాత్రం మార్చలేదు.

దేశ భద్రత మాటేమిటని అడుగుతారు. 1999 డిసెంబరు నాటి కాందహారు హైజాకింగును ఎవరూ మరువలేదు. తనిఖీ వద్దని మేము అనడం లేదు. పాదాన్ని విప్పకుండానే చిన్న గుడ్డముక్కతో తుడిచి, దానిని యంత్రంలో ఉంచితే ప్రేలుడు పదార్థాల జాడ బయటపడుతుంది. దేహమంతటినీ పరీక్షించే స్కానర్లను 84 విమానాశ్రయాలలో 2020 మార్చి నాటికి నెలకొల్పాలని 2019లోనే పౌర విమానయాన భద్రతా సంస్థ ఆదేశించింది. ఆ గడువు నీటిమీది వ్రాత అయింది. మార్గం ఉండి కూడా మనిషిని వివస్త్రను చేయడం భద్రత కాదు. యంత్రాలపై, సిబ్బందిపై, శిక్షణపై చేయవలసిన ఖర్చును మిగుల్చుకోవడమే.

మా ఆగ్రహం ద్వారం వద్ద నిలిచిన జవానుపై కాదు. అతడూ శ్రమజీవే. 1983 చట్ట సవరణతో ఆ దళాన్ని సాయుధ బలగంగా మార్చి, అతని సంఘ స్వేచ్ఛకు సంకెళ్ళు వేశారు. చాంతాడంత క్యూను నిముషాలలో కదిలించమని పైనుండి ఒత్తిడి. ఏదైనా జరిగితే నింద అతనిపైననే. చక్రాల కుర్చీ తోసే కార్మికుడు ఎందరో విమానాశ్రయాలలో కాంట్రాక్టరు చేతిలో కీలుబొమ్మ. బాధితునికి, కార్మికునికి మధ్య తగవు పెట్టి యాజమాన్యాలు తప్పుకొనడాన్ని మేము అంగీకరించము.

కావున మేము డిమాండు చేస్తున్నాము:

1. కృత్రిమ అవయవాలు విప్పించే పద్ధతిని అన్ని విమానాశ్రయాలలో వెంటనే నిలిపివేయాలి.

2. అదనపు తనిఖీ అవసరమైతే మరుగు గదిలో, అదే లింగానికి చెందిన సిబ్బందిచే, ప్రయాణికుని సహాయకుని సమక్షంలో జరపాలి.

3. తనిఖీ సిబ్బందికి వేతనంతో కూడిన శిక్షణ ఇవ్వాలి. చక్రాల కుర్చీ కార్మికులను పర్మనెంటు చేయాలి.

4. నియమాలను స్థానిక భాషలలో ప్రదర్శించాలి. ఫిర్యాదుకు అక్కడికక్కడే రశీదు ఇవ్వాలి.

కామ్రేడ్స్! 2016 చట్టం మన స్టేషన్లకు, మన తపాలా కార్యాలయాలకు కూడా వర్తిస్తుంది. ప్రతి శాఖా ఈ డిమాండ్లపై తీర్మానం చేసి కేంద్ర ప్రభుత్వానికి పంపాలి. పనిలో కాలు కోల్పోయిన కార్మికుడు గౌరవాన్ని కూడా కోల్పోనవసరం లేదని చాటాలి.