పబ్బుకెన్ని మార్కులు?

పబ్ అంటే హైదరాబాద్‌లో చెవులు దద్దరిల్లే పాటలు, గిర్రున తిరిగే రంగుల దీపాలు, గుమ్మం దగ్గర కండలు తిరిగిన బౌన్సర్లు. ఇంగ్లండులో కథ వేరు. అక్కడ పబ్ అంటే పేటపేటకీ ఉండే 'పబ్లిక్ హౌస్'. ఓ మూల పెద్దాయన పేపరు చదువుకుంటుంటాడు. చలిమంట దగ్గర ఎవరిదో కుక్క కునుకు తీస్తుంటుంది. ఆదివారం మధ్యాహ్నమైతే పిల్లాపాపలతో భోజనానికి వచ్చేవాళ్లూ ఉంటారు. ఊరి రచ్చబండ, ఇరానీ హోటలు, కల్లుపాక... మూడూ కలిపి ఒకే కప్పు కింద పెడితే ఎలా ఉంటుందో సుమారుగా అలా ఉంటుంది.

అలాంటివి ఒకే వీధిలో నాలుగైదు ఉంటే కుర్రకారు ఊరుకుంటుందా? ఓ సాయంత్రం చూసుకుని వరసగా అన్నీ చుట్టేస్తారు. అదే 'పబ్ క్రాల్'. క్రాల్ అంటే పాకడం. మొదటి పబ్బులోకి నిటారుగా నడిచి వెళ్లినవాళ్లు ఆఖరి పబ్బులోంచి ఎలా బయటికొస్తారో పేరులోనే ఉంది!

ఇందులో పేరు మోసిన దారులున్నాయి. లీడ్స్‌లో 'ఓట్లీ రన్' అని ఒకటి. విద్యార్థులు చిత్రవిచిత్రమైన వేషాలు కట్టి, ఊరి శివారు నుంచి నడిబొడ్డు దాకా ఒక్కో పబ్బూ దిగుతూ వస్తారు. లండన్‌వాళ్ల పిచ్చి ఇంకా ముదిరింది. మోనోపలీ ఆట అట్ట మీద 22 వీధులు, 4 రైల్వే స్టేషన్లు ఉంటాయి కదా... ఆ 26 చోట్లా తలో పబ్బు చొప్పున ఒక్కరోజులో పూర్తి చేయాలని బయల్దేరతారు. ఎందరు పూర్తి చేస్తారన్నది వేరే సంగతి.

పేటలో స్నేహితులు వేసుకునే ప్లానుకి ఇంత హంగామా అక్కర్లేదు. అయిదారు పబ్బులు, వాటి మధ్య పది నిమిషాలకు మించని నడక. ముందే కడుపు నిండా తిండి. ఆఖరి పబ్బు బస్‌స్టాపుకో రైల్వేస్టేషనుకో దగ్గరుండాలి. కారు తాళాలు ఇంట్లోనే వదిలేయాలి. రక్తంలో ఆల్కహాలు పరిమితి ఇంగ్లండులో వంద మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాములు. స్కాట్లండ్‌లో 2014 నుంచి 50. మనదేశంలో అయితే 30 మాత్రమే. 'అక్కడ ఫర్వాలేదు కాబట్టి ఇక్కడా ఫర్వాలేదు' అనుకునే లెక్క ఎన్నారై కుర్రాళ్లు సెలవులకు వచ్చినప్పుడు పనికిరాదు.

అసలు చిక్కు 'రౌండ్' దగ్గర వస్తుంది. పబ్బులో ఎవరి బిల్లు వాళ్లు కట్టుకోవడం మర్యాద కాదు. ఒక్కో విడత ఒక్కొక్కరు అందరికీ కొనాలి. ఆరుగురు వెళితే ఆరు విడతలు. తన వంతు రాకముందే జారుకున్నవాణ్ని ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. ఇంగ్లిష్ పింటు 568 మిల్లీలీటర్లు. ఆరు పింట్లంటే దాదాపు మూడున్నర లీటర్లు! నాలుగు శాతం బీరే అనుకున్నా సుమారు 14 యూనిట్లు. బ్రిటన్ వైద్యాధికారులు 2016లో చెప్పిన ప్రకారం వారం మొత్తానికి దాటకూడని హద్దు అదే. అంటే వారం కోటా ఒక్క సాయంత్రానికి చెల్లు. తెలివైనవాళ్లు అరపింట్లతో సరిపెడతారు. లేదా అందరూ చందా వేసి డబ్బు ఒకడి చేతికిస్తారు. తాగని స్నేహితుడుంటే ఆ పని అతనికే అప్పగించడం మంచిది, ఆఖర్లో లెక్క తేలుతుంది! ఈ రౌండ్ల గొడవ ఎంతదాకా వెళ్లిందంటే, మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఆయుధాల ఫ్యాక్టరీల పని దెబ్బతింటోందని 1915లో ఒకరు ఇంకొకరికి మందు కొనిపెట్టడాన్నే నిషేధించారు.

ఇక మార్కులు. బ్రిటన్‌లో ఇదేదో కాలక్షేపం కాదు. సంప్రదాయ బీరును కాపాడటానికి 1971లో పుట్టిన 'కామ్రా' అనే సంఘం సభ్యులు పబ్బు పబ్బుకీ తిరిగి, బీరుకి సున్నా నుంచి అయిదు వరకూ మార్కులు వేస్తారు. సున్నా అంటే నోట పెట్టలేం. అయిదు అంటే వంక పెట్టలేం. ఆ బీరు కూడా కల్లులాగే, పీపాలో ఉండగానే పులుస్తూ ఉంటుంది. పీపా తెరిచాక మూడు రోజుల్లో ఖర్చయిపోవాలి, లేకపోతే రుచి పాడవుతుంది. కాబట్టి బీరుకు వేసే మార్కు సగం పబ్బు యజమాని శ్రద్ధకు వేసే మార్కే. స్నేహితుల పట్టీలో ఇంకా చాలా చేరతాయి... కుర్చీలు, టాయిలెట్ల శుభ్రత, చిప్స్ రకాలు, కౌంటర్ వెనకున్న మనిషి పలకరింపు.

ఈ మార్కుల వ్యవహారంలో రచయిత జార్జ్ ఆర్వెల్‌ది పెద్దచెయ్యి. 1946లో ఆయన లండన్ పత్రిక 'ఈవెనింగ్ స్టాండర్డ్'లో 'మూన్ అండర్ వాటర్' అనే పబ్బు గురించి రాశాడు. మాట్లాడుకోవడానికి వీలైన ప్రశాంతత, పింగాణీ మగ్గులు, వెనక పిల్లలు ఆడుకునే తోట... చదివినవాళ్లు అడ్రసు వెతుక్కునేలా వర్ణించి, చివర్లో అలాంటి పబ్బే లేదని తేల్చేశాడు. మంచి పబ్బుకు ఆయన పెట్టుకున్న లక్షణాలు పది. అందులో ఎనిమిది ఉన్న పబ్బు ఒకటే తనకు తెలుసన్నాడు.

ఆ పదిలో లేని అంశం ఒకటుంది. లోపలికి వెళితే అసలు గ్లాసు ఇస్తారా, ఇవ్వరా? ఆర్వెల్‌కి ఆ అనుమానం రావాల్సిన అవసరం లేదు. బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్ అనే పారిశ్రామిక పట్టణంలో పంజాబీ కార్మికులకు మాత్రం అదే మొదటి ప్రశ్న.

1950ల్లో, 60ల్లో అక్కడి ఇనుప ఫౌండ్రీల్లో వాళ్లు కొలిమి సెగలో ఒళ్లు హూనమయ్యేలా పనిచేసేవారు. షిఫ్టు అయ్యాక గొంతు తడుపుకుందామని వెళితే కొన్ని పబ్బుల్లో రానిచ్చేవారు కాదు. కొన్నింట్లో మామూలు బార్‌లో నిలబడి తాగొచ్చు కానీ, మెత్తటి కుర్చీలుండే 'స్మోక్ రూమ్' తెల్లవాళ్లకే. రంగు పేరు చెప్పి తిప్పి పంపడం అప్పట్లో చట్టరీత్యా తప్పు కాదు. హోటల్లో 'వేరే గ్లాసు' పద్ధతి ఎరిగిన తెలుగు పాఠకులకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

1958లో జలంధర్ ప్రాంతం నుంచి వచ్చి ఫౌండ్రీ పనిలో చేరిన అవతార్ సింగ్ జౌహల్ దీనికో ఉపాయం పన్నారు. ఆయుధం... పబ్ క్రాలే! ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ తరఫున ఆయన తెల్లజాతి విద్యార్థులను కూడగట్టుకుని పబ్బులు తిరిగేవారు. విద్యార్థులు వెళ్లి అడిగితే బీరు వచ్చేది. వెంటనే భారతీయులు వెళ్లి అడిగితే వచ్చేది కాదు. కళ్లెదుటే సాక్ష్యం. పబ్బు లైసెన్సు రెన్యువల్‌కు వచ్చినప్పుడు అభ్యంతరం చెప్పడానికి అది పనికొచ్చేది. దారి వేసుకోవడం, మనుషుల్ని కుదుర్చుకోవడం, ఎక్కడేం జరిగిందో గుర్తుపెట్టుకోవడం... ఏ పబ్ క్రాల్‌కైనా ఉండే పనులే. పట్టీలో గడులు మాత్రం రెండే. పోశారు, పోయలేదు.

1965 ఫిబ్రవరి 12న అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ స్మెథిక్ వచ్చినప్పుడు జౌహల్ ఆయన్ను 'బ్లూ గేట్స్' అనే పబ్బుకి తీసుకెళ్లారు. స్మోక్ రూమ్‌లో మాల్కమ్ ఎక్స్‌కూ మొండిచెయ్యే. మద్యం ముట్టని ఆ మనిషికి కావలసింది బీరు కాదు, ఆ 'లేదు' అనే మాటను తన చెవులతో వినడం. తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్క్‌లో ఆయన హత్యకు గురయ్యారు. అదే ఏడాది డిసెంబరులో బ్రిటన్ తొలి జాతివివక్ష నిరోధక చట్టం అమల్లోకి వచ్చింది. ఇళ్లకూ ఉద్యోగాలకూ అది వర్తించలేదు, వాటికి 1968 దాకా ఆగాల్సి వచ్చింది. పబ్బులకు మాత్రం వర్తించింది.

తర్వాతి కథ ఇంకా బాగుంటుంది. గుమ్మం దగ్గర ఆపినవాళ్ల మనుషులే క్రమంగా కౌంటర్ వెనక్కి చేరారు. స్మెథిక్, వెస్ట్ బ్రామిచ్ చుట్టుపక్కల పంజాబీలు నడిపే పబ్బులకు ఇప్పుడు 'దేశీ పబ్బులు' అని పేరు. బయట బోర్డు మీద పాత 'రెడ్ లయన్' పేరే. లోపల టీవీలో ఫుట్‌బాల్, గ్లాసులో ఇంగ్లిష్ బీరు, వంటింట్లోంచి మాత్రం తందూరీ ఘుమఘుమలు. ఫ్యాక్టరీ పాత తరం తెల్లవాళ్లు, సర్దార్జీలు ఒకే బల్ల దగ్గర కనిపిస్తారు. జౌహల్ 2022లో కన్నుమూశారు. మరుసటేడు ఈ పబ్బుల గురించి డేవిడ్ జేసుదాసన్ రాసిన 'దేశీ పబ్స్' పుస్తకం వచ్చింది. అచ్చువేసింది ఎవరో కాదు, బీరుకు మార్కులేసే ఆ కామ్రాయే!

బర్మింగ్‌హామ్‌లో చదువుకునే తెలుగు పిల్లలకు ఇది ట్రామెక్కితే వెళ్లి రాగల దూరం. కారు బెడద లేదు. బీరు వద్దనుకునేవాళ్లకు నిమ్మసోడా ఉండనే ఉంది. ఈ పబ్బుల్లో వాదన బీరు గురించి కంటే 'మిక్స్‌డ్ గ్రిల్' గురించే ఎక్కువ... చికెన్ టిక్కా, సీఖ్ కబాబ్, మటన్ చాప్స్ అన్నీ కాలిన ఉల్లిపాయల మీద పేర్చి, చుయ్యిమంటూ పొగలు కక్కే ఇనుప పళ్లెంలో తెచ్చి పెడతారు. నలుగురు కలిసి వెళితే మొదటి పబ్బులో ఒక్కటే చెప్పి పంచుకోవడం నయం. అవతల ఇంకా మూడు పబ్బులు మిగిలుంటాయి, వాటి గ్రిల్‌కీ మార్కులు వేయాలి కదా!