డీవీడీ చేశాం కదా, ఇంకా టేపులెందుకు?

మీ ఇంట్లో పాత మినీడీవీ టేపులేమన్నా ఉంటే ఇది చదివేదాకా పారేయకండి. "డీవీడీ చేసేశాం కదా, ఇంకా ఈ చెత్తెందుకు" అని నేనూ అన్నవాణ్ణే.

2006లో మా చెల్లి పెళ్ళి. హ్యాండీక్యామ్‌తో నేనే తీశాను, మూడు టేపులు. ఫైర్‌వైర్ కేబులు తగిలించి లినక్సులో డీవీగ్రాబ్‌తో లాగాను. డీవీ అంటే గంటకి దాదాపు 13 జీబీ. నా 80 జీబీ డిస్కులో సగం వాటికే సరిపోయింది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి 'టార్గెట్ పాల్-డీవీడీ' అని ఒక్క ముక్క చెప్తే చాలు, 720×576 సైజు, సెకనుకి 25 ఫ్రేములు, ఎంపెగ్-2 వీడియో, ఏసీ-3 ఆడియో అన్నీ అదే చూసుకుంటుంది. (అమెరికాలో చుట్టాలకి పంపాలంటే ఎన్‌టీఎస్‌సీ చెయ్యాలి. మన ప్లేయర్లు ఏదైనా ఆడేస్తాయి గానీ అక్కడివి చాలావాటికి పాల్ పడదు.) డీవీడీఆథర్‌కి ఎక్స్ఎంఎల్ ఫైలొకటి రాసిచ్చి జీలకర్రబెల్లం ఒక చాప్టరు, తలంబ్రాలు ఒకటి, అప్పగింతలు ఒకటి అని విడగొట్టి రెండు డిస్కులు కాల్చాను. ఊళ్ళో అందరూ చూసి తెగ మెచ్చుకున్నారు. ఆ ఊపులో చోటు కోసం డీవీ ఫైళ్ళు చెరిపేశాను. టేపుల మీద ఇంకేవో రికార్డు చేశాను.

నేను చేసిన తప్పు చాలా ఏళ్ళకి గానీ బయటపడలేదు. డీవీ ఇంటర్‌లేస్డ్ వీడియో. ఆ సంగతి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి మనమే విడిగా చెప్పాలి, లేకపోతే మామూలు ఫ్రేముల్లా కుదించేస్తుంది. నేను చెప్పలేదు. అప్పటి డబ్బా టీవీలో తేడా తెలియలేదు. ఇప్పటి ఎల్ఈడీ టీవీలో తలంబ్రాలు పోస్తుంటే చేతుల చుట్టూ దువ్వెన పళ్ళలా గీతలు. ఫిల్టర్లు వేసి గీతలు కొంత తగ్గించొచ్చు గానీ, సెకనుకి 25 మెగాబిట్ల వీడియోని 6కి కుదించినప్పుడు పోయింది ఎక్కణ్ణించి తెస్తాం?

ఓపెన్‌సోర్సు పరికరాలు కష్టమని మనవాళ్ళు తిడుతుంటారు. నేనొప్పుకోను. అవి నేను చెప్పింది చెప్పినట్టు చేశాయి. డీవీడీస్టైలర్ లాంటి బొమ్మల ప్రోగ్రాములు కూడా లోపల పిలిచేది వీటినే. తప్పల్లా డీవీడీని బ్యాకప్ అనుకోవడంలో ఉంది. అది చూసుకోడానికి చేసుకునే కాపీ, అంతే. పైగా మనం ఇంట్లో కాల్చే డిస్కుల్లో డేటా ఉండేది ఒక రంగు పొరలో, అది ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతుంది.

టేపులింకా ఉన్నవాళ్ళు తొందరపడాలి. 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ టహోలో ఫైర్‌వైర్ తీసేశారు. లినక్సులో ఇంకా ఉంది. ఆడే క్యామెరా ఒకటి సంపాదించి, డీవీని డీవీగానే లాగి రెండు చోట్ల దాచుకోండి. గంటకి 13 జీబీ ఇవాళ ఒక లెక్కా?

మొన్న చెల్లి ఫోన్ చేసింది. "అప్పగింతల దగ్గర డిస్కు ఆగిపోతోందిరా అన్నయ్యా. నాన్న కనపడేది అక్కడే కదా. టేపులు నీ దగ్గరే ఉన్నాయిగా, ఇంకో కాపీ చేసి పంపు" అంది. ఆ డిస్కు తెప్పించుకుని డీడీరెస్క్యూ పెట్టి రెండు రోజులయింది, ఇంకా తిరుగుతూనే ఉంది. టేపుల సంగతి చెల్లికి చెప్పలేదు.