కళ్లు మూసుకుని తెరచాప పట్టుకో

జూన్ వచ్చిందంటే టోక్యోలో ముసురు. బట్టలు ఆరవు, రెయిన్‌కోటు తొడిగి పిల్లల్ని సైకిల్ మీద బడికి తీసుకెళ్లడం రోజూ ఓ సర్కస్. ఆ వానల్లోనే మా పాప కిండర్‌గార్టెన్‌కి ఒక ట్రైనింగ్ టీచర్ వచ్చింది. మూడు వారాలుండి వెళ్లిపోయింది. వెళ్లే రోజున క్లాసులో ఇరవై నాలుగు మందికీ తలా ఒక కాగితం పడవ చేసి ఇచ్చింది. ఈసారి ఆ పడవ సంగతే రాస్తాను.

ముందు మా పాప గురించి చెప్పాలి. నాలుగేళ్లది. ఇక్కడ స్కూలు సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, అప్పుడే చేరింది. మేముండే నిషికసాయ్ చుట్టుపక్కల మనవాళ్లకి కొదవ లేదు గానీ, ఆ క్లాసులో మాత్రం తెలుగు పిల్ల ఇదొక్కతే. ఇంట్లో లేచింది మొదలు పడుకునేదాకా నోరు మూతపడదు. బడి గేటు దాటితే ఒక్క మాట లేదు. ఏప్రిల్ పోయింది, మే పోయింది. క్లాసు టీచరు మంచావిడ. "వింటోంది, అర్థం చేసుకుంటోంది, కంగారు పడకండి" అనేది. కొత్త భాషలోకి వెళ్లిన పిల్లలు కొందరు మొదట్లో ఇలా వింటూ ఊరుకుంటారనీ, మరీ ఎక్కువ రోజులు సాగితే డాక్టరుకి చూపించాలనీ నేనూ చదివాను. చదివినంత మాత్రాన రాత్రి నిద్ర పట్టొద్దూ? అత్తయ్యగారు ఫోన్‌లో, "అన్ని భాషలు దాని నెత్తిన రుద్దితే పసిపిల్ల ఏం చేస్తుందమ్మా" అన్నారు. అవునని అనలేను, కాదని అనలేను.

ట్రైనింగ్ టీచరంటే మీకు మన బీఎడ్ వాళ్లు గుర్తొస్తారు. మా హైస్కూలుకీ వచ్చేవారు. నోటీసులో 'ఛాత్రోపాధ్యాయులు' అని రాస్తే, ఆ మాట పలకలేక మేం 'ట్రైనింగ్ సార్లు' అనేవాళ్లం. రంగు రంగుల చార్టులు తెచ్చేవారు, కొట్టేవారు కాదు. వెళ్లిపోయే రోజు క్లాసంతా తలా రెండు రూపాయలు వేసుకుని పెన్ను సెట్టు కొనిచ్చి, అందరం ఏడ్చి, ఆటోగ్రాఫులు తీసుకునేవాళ్లం. ఇక్కడొచ్చిన అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయేమో. గేటు దగ్గర ప్రతి తల్లికీ నడుము వంచి నమస్కారం పెట్టేది. రెండో రోజే నా దగ్గరికొచ్చి మా పాప పేరు ఎలా పలకాలని అడిగింది. ఆ పేరులో 'ళ' ఉంది. జపనీస్‌లో ల, ర లకే తేడా లేదు, ఇక 'ళ' ఎక్కడ! మన వాళ్లే సగంమంది సరిగా అనరు. ఆ అమ్మాయి వానలో గొడుగు పట్టుకుని నాలుక మడిచి నాలుగుసార్లు ప్రయత్నించింది. తర్వాత చిన్న చీటీ ఇచ్చి, మీ లిపిలో రాసిస్తారా అంది. సరదాకి అడుగుతోందనుకుని రాసిచ్చాను.

రెండో వారంలో ఒక సాయంత్రం, బడికీ ఇంటికీ మధ్య తిరిగే నోటుపుస్తకంలో క్లాసు టీచరు ఏదో రాసింది. నాకు జపనీస్ మాట్లాడటం కొంత వచ్చు, చేతిరాత చదవడం రాదు. ఫోన్ యాప్‌తో ఫొటో తీస్తే తెలుగులో ఇలా వచ్చింది: "ఈ రోజు మొదటిసారి 'అది' అని చెప్పారు. మేమందరం సంతోషించాము."

ఏది? ఆ రాత్రంతా దాన్ని వేధించాను. "నాన్నా, అది అంటే ఏంటి? ఏం కావాలని అడిగావు?" పాప నన్ను వింతగా చూసి అన్నం తినేసి పడుకుంది.

మర్నాడు గేటు దగ్గర ట్రైనింగ్ అమ్మాయిని అడిగాను. నవ్వి, జేబులోంచి కాగితం పడవ తీసింది. తెరచాప కొస నా వేళ్లకిచ్చి, గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకోమంది. మూసుకున్నాను. తెరిచి చూస్తే నా వేళ్ల మధ్య తెరచాప లేదు, పడవ ముక్కు ఉంది! నా నోట్లోంచి "అరె!" అని వచ్చేసింది.

ఆ అమ్మాయి ఎగిరి గంతేసింది. "అదే! అదే అంది!"

అప్పుడు వెలిగింది. జపనీస్‌లో 'అరె' అంటే 'అది' అని అర్థం. ఆశ్చర్యపోయినా 'అరె?' అనే అంటారు, అచ్చం మనలాగే. యాప్ మొదటి అర్థం పట్టుకుంది. మా పాప ఏ భాషలో అందో దానికే తెలియదు. తెలుగే అయ్యుంటుందని నా నమ్మకం. కానీ చుట్టూ ఉన్న పిల్లలకి అది వాళ్ల మాటే. "మాట్లాడింది, మాట్లాడింది" అని దాని చుట్టూ చేరారట. ఆ తర్వాత ఏదో అద్భుతం జరిగిపోలేదు లెండి. రోజుకో మాట, రెండు మాటలు.

ఆ పడవని ఇక్కడ దమాషిబునె అంటారు. మోసం చేసే పడవ అని. 15 సెంటీమీటర్ల చదరపు కాగితం చాలు. అంచులన్నీ మధ్య గీతకి మడిచి, మూలలు బయటికి లాగితే నాలుగు రెక్కల గాలిమర వస్తుంది. రెక్కల దిశ సరిచేసి ఐమూలగా వెనక్కి మడిస్తే పడవ. అవతలివాళ్లు కళ్లు మూసుకున్నప్పుడు రెండు కొసలు కిందికి మడిచేస్తే చాలు, తెరచాప ముక్కయిపోతుంది. ఇదంతా జపాన్ సొంతమనుకునేదాన్ని. సగమే నిజం. కాగితం కొంగల మీద ఇక్కడ 1797లోనే పుస్తకం వచ్చింది. అయితే బళ్లో చిన్నపిల్లలతో కాగితం మడిపించడం జర్మనీలో ఫ్రోబెల్ పెట్టిన కిండర్‌గార్టెన్ పద్ధతిలోనూ ఉంది. 1876లో టోక్యోలో మొదటి కిండర్‌గార్టెన్ తెరిచినప్పుడు ఆ పద్ధతే తెచ్చుకున్నారు.

చివరి రోజు పాప మెడలో సంచీ, సంచీలో పడవ. తెరచాపకి ఒకవైపు జపనీస్‌లో పేరు. తిప్పితే తెలుగులో. 'ళ'ని అక్షరంలా కాదు, బొమ్మలా గీసింది, తలకట్టు కాస్త దూరంగా పోయింది. పడవకి ఇరవై మడతలనుకున్నా ఇరవై నాలుగు పడవలకి నాలుగు వందల ఎనభై. పగలంతా పిల్లలతో, రాత్రి ఆ రోజు చూసిందంతా డైరీలో చేత్తో రాయడం. ఆ డైరీ తర్వాత ఇవి.

నేనేమిచ్చాను? చాక్లెట్ డబ్బా కొందామనుకుంటే పక్కింటి జపనీస్ తల్లి, "మన బళ్లో తీసుకోరు" అంది. సరే అని ఊరుకున్నాను. ఉత్తరం రాయొచ్చని తోచనే లేదు. గేటు దగ్గర "థాంక్యూ" అని తలవంచి, వాన పెరుగుతోందని సైకిలెక్కేశాను. పుట్టినరోజులకి ముప్ఫై రిటర్న్ గిఫ్టులు ఆర్డర్ పెట్టడం వచ్చు నాకు.

ఆ రాత్రే పాప పడవ ఎలా చేశారో చూద్దామని మొత్తం విప్పేసింది. మళ్లీ కుదరక ఒకటే ఏడుపు. కాగితం బల్ల మీద పరిచాను. పదహారు గళ్లు, వాటి మీద ఐమూల గీతలు. కొన్ని గీతలు పైకి లేచి ఉన్నాయి, కొన్ని లోపలికి దిగి ఉన్నాయి. బీఎస్సీ బుర్రంతా పెట్టి, వాటి వెంటే వేలు నడుపుతూ ముప్పావుగంట కూర్చున్నాను. కొన్ని గీతల పక్కన ఇంకో సన్నని గీత. మడిచి, నచ్చక, మళ్లీ మడిచిందన్నమాట. చివరికి పడవైంది.

క్లాసు టీచరుని అడిగితే, దిద్దిన డైరీ తీసుకోడానికి ఆ అమ్మాయి వచ్చే వారం వస్తుందని చెప్పింది. ఉత్తరమైతే ఇస్తానంది. ఇంటి నుంచి తెచ్చుకున్న తెలుగు క్యాలెండర్లో మే నెల కాగితం చింపి, వెనకవైపు ఉత్తరం రాసి, మా చిన్నప్పటి కత్తిపడవ చేశాను. పాప దాని కొస పట్టుకుని కళ్లు మూసుకుంది. తెరిచింది. ఏమీ మారలేదు.

"అమ్మా, ఇది పని చెయ్యట్లేదు" అంది. జపనీస్‌లో.