మనసుకి రెండో టేకు ఉంటుందా?

సినిమావాళ్ళకి "వన్ మోర్" అనేది మామూలు మాట. హీరోయిన్ ఎంత బాగా ఏడ్చినా ఫోకస్ తప్పితే మళ్ళీ ఏడవాల్సిందే! ఏడుస్తుంది కూడా. అది ఆవిడ వృత్తి. మరి తన లోపలి మనసు చెప్పినట్టు రంగు వేసే చిత్రకారుణ్ణి పట్టుకుని "వన్ మోర్" అంటే?

1950లో అమెరికాలో అలాంటిదే జరిగింది. జాక్సన్ పొలాక్ అనే నైరూప్య చిత్రకారుడి మీద హాన్స్ నామూత్ అనే ఫొటోగ్రాఫర్ పది నిమిషాల రంగుల చిత్రం తీశాడు.

పొలాక్ ఎవరంటారా? కేన్వాసుని నేలమీద పరిచి, చుట్టూ తిరుగుతూ, ఇళ్ళకి వేసే ఎనామిల్ రంగుని పుల్లతో ధారగా విదిలించిన మనిషి. ముందు స్కెచ్ లేదు. చెట్టూ లేదు, మొహమూ లేదు. "మా బుజ్జిగాడూ వేస్తాడు" అని నవ్వినవాళ్ళకి కొదవలేదు. కానీ ఆ చుక్కలు గాలివాటుగా పడ్డాయంటే ఆయన ఒప్పుకోలేదు. 1939లో తాగుడు మాన్పించుకోడానికి యూంగ్ పద్ధతి మానసిక వైద్యుడి దగ్గర చేరి, మాటలు పెగలక తన బొమ్మలే తీసికెళ్ళి చూపించాడు. కళకి ఊట అంతశ్చేతనే అని నమ్మాడు.

అలాంటివాణ్ణి కెమెరా ముందు నిలబెట్టారు. కొట్టంలో వెలుతురు చాలక ఆరుబయట చలిలో షూటింగు. గాజుపలక మీద బొమ్మ, దాని కింద కెమెరా. రంగు మన మొహంమీదే పడుతున్నట్టుంటుంది! మొదటి గాజు బొమ్మతో తనకి లంకె తెగిపోయిందనీ, మళ్ళీ మొదలెట్టాననీ ఆ చిత్రంలో ఆయన గొంతే చెబుతుంది.

నవంబరులో షూటింగు ముగిసిన రోజే, రెండేళ్ళుగా ముట్టని మందు మళ్ళీ పట్టాడు. 1951 కల్లా కేన్వాసు మీద రంగులు దాదాపు మాయం. అంతా నలుపు! అందులోంచి మొహాలూ, ఆకారాలూ తొంగిచూశాయి. 1956 ఆగస్టు 11న తాగి కారు నడిపి, 44 ఏళ్ళకే పోయాడు. తనతోపాటు మరో ప్రాణాన్నీ తీసికెళ్ళాడు.

కెమెరాయే ముంచిందని నేననను. ఆ తాగుడు ఏనాటిదో. కాని నటుడు లేని దుఃఖాన్ని రప్పించగలడు. లోపలి ఊట మాత్రం క్లాప్ కొడితే రాదు. 2000లో ఎడ్ హారిస్ నటించి, దర్శకత్వం వహించిన 'పొలాక్'లోనూ ఈ షూటింగు ఘట్టం ఉంది. పొలాక్ భార్య లీ క్రాస్నర్‌గా మార్షియా గే హార్డెన్ ఆస్కార్ కొట్టింది. అదీ చూడండి. కానీ ముందు నామూత్ చిత్రం చూడండి. రంగుని కాదు, ఆ మనిషి మొహాన్ని చూడండి. "ఇదేం బొమ్మ?" అని తరవాత అడుగుదురుగాని!